పాలపంటిలో నీరుగంటి

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల ఇండ్లలో బిడ్డకు పాలపన్ను ఊడినప్పుడు పెద్దలు చేయించు పని యొకటి కలదు. ఆ పంటిని రవ్వంత ఆవుపేడలో పొదిగి బిడ్డచేతనే మిద్దెమీదికి విసరివేయింతురు. క్రొత్తపన్ను తిన్నగా, గట్టిగా మొలవవలెనని వారి కోరిక. మిద్దెనెక్కిన పంటిని గూర్చి మరునాటికి తలచువారుండరు. మేమును చిన్ననాట అట్లే చేసితిమి. మా పిల్లలచేతను అట్లే చేయించితిమి. ఊడిన పన్ను ప్రాణము లేని వస్తువని అందఱివలె మేమును నమ్మితిమి.

ఆ నమ్మకము సరికాదని 2003లో తేలినది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన దంత పరిశోధనాలయములో సాంగ్‌టావ్ షి అను శాస్త్రజ్ఞుడు పనిచేయుచుండెను. ఆయన ఆరేండ్ల కుమార్తెకు పన్ను ఊడగా, దాని లోపల ఎఱ్ఱని కండరేణువు ఇంకను మిగిలియుండుట ఆయన గమనించెను. అంతకు మూడేండ్ల ముందే, అనగా 2000లో, స్టాన్ గ్రోంథోస్‌తోను ఇతర సహచరులతోను కలిసి ఆయన పెద్దవారి జ్ఞానదంతముల గుజ్జులో మూలకణములు కలవని ప్రకటించియుండెను. పిల్లల పాలపండ్లలోను అట్టివి కలవేమో అని వెదకగా ఒక్కొక్క పంటి గుజ్జునుండి ఇంచుమించు 12 మొదలు 20 వఱకు మూలకణములు లభించినవి. ఎంత స్వల్పము! కాని తగిన పోషకద్రవములో ఉంచినచో అవి రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై లక్షలకొలది పెరుగగలవు.

మూలకణము అనగా ఇంకను వృత్తి నిర్ణయము కాని కణము. తగిన ప్రేరణ లభించినచో అది పంటి ధాతువును కట్టు కణము కావచ్చును, క్రొవ్వు కణము కావచ్చును, ఎముక నిర్మాణమునకు తోడ్పడు కణము కావచ్చును. పంటి గుజ్జులోనే కాదు, పంటిని దవడ యెముకకు పట్టియుంచు నారపొరలోను, ఎదుగుచున్న పంటివేరు కొనయందును ఇట్టి కణములు కలవని తరువాతి సంవత్సరములలో కనుగొనిరి. చిగుళ్ళ వ్యాధిచే దవడయెముక కరిగి పండ్లు కదలుచున్న వారు మన ఇండ్లలో ఎందఱో కలరు. ప్రమాదములలో దవడ చితికినవారు, అంగిలి చీలికతో పుట్టిన బిడ్డలు కలరు. వారికి క్రొత్త యెముకను కట్టుటకు ఈ కణములు పనికివచ్చునా అన్నది వైద్యలోకము ముందున్న ప్రశ్న. దానికి సమాధానము దొరకవలెనన్న మఱియొక ప్రశ్నకు ముందు సమాధానము కావలెను. నీవు ఎముకవు కమ్మని ఆ కణమునకు ఆజ్ఞ యిచ్చునదెవరు? ఇక చాలునని ఆపునదెవరు?

ఎముక కట్టుటలో రెండు దశలు కలవు. మొదట కణములు కొల్లాజెన్ అను నారవంటి మాంసకృత్తును అల్లి పందిరివలె నిలుపును. పిదప ఆ పందిరిపై కాల్షియము, భాస్వరము కలసిన లవణము పేరుకొని గట్టిపడును. ఈ రెండవ దశకు కావలసిన భాస్వరమును అందించుటకు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అను ఎంజైము తోడ్పడును. దేహద్రవములలో భాస్వరమెంత కలదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలిసి ప్రకటించినవాడు భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. ఎముకల శాస్త్రములో కొలతకు ఎంత విలువ కలదో తెలిసికొనుటకు ఆ తెలుగువాని పేరు స్మరించుకొనుట మంచిది. ఏలయన, ఎముక విషయములో అంతయు కొలతలోనే యున్నది.

రంక్స్-2 అను జన్యువు కలదు. ఇది లేనిదే ఎముకను కట్టు కణము పుట్టదని 1997లో తేలినది. ఈ జన్యువు మనకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి సంక్రమించును. రెంటిలో ఒకటి చెడినచో, అనగా దాని మోతాదు సగమునకు తగ్గినచో, బిడ్డ బ్రదుకును. కాని మెడక్రింది జత్రువులు సరిగా ఏర్పడవు. కొందఱిలో అవి బొత్తిగా ఉండవు. అట్టివారు రెండు భుజములను ఎదురొమ్ము ముందు ఇంచుమించు కలుపగలరు. వారి నోటిలో మితిమీరిన పండ్లు దాగియుండి వంకరగా మొలచును. జన్యువు పూర్తిగా లేకపోవుట కాదు, సగము తగ్గుటయే ఇంతటి మార్పును తెచ్చినది.

తక్కువైనచో కీడు. మఱి ఎక్కువైనచో? దానికి నిదర్శనము మన తెలుగునాటనే కలదు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో బావినీటిలోని ఫ్లోరైడువలన కలుగు వ్యాధిని 1937లో వైద్యులు వర్ణించిరి. పండ్లు గోధుమవన్నెకు మాఱును. వెన్నెముక చుట్టు నుండు నారకట్లు సైతము ఎముకవలె గట్టిపడును. మనిషి నడుము వంగక, మెడ తిరుగక కఱ్ఱవలె బిగిసిపోవును. అచ్చట కారణము నీటిలోని విషమే గాని మేము చెప్పబోవు ఆర్.ఎన్.ఏ.లు కావు. ఐనను ఒక నీతి మాత్రము స్పష్టము: ఎముక కావలసిన చోట, కావలసిన వేళ, కావలసినంతయే కట్టవలెను.

ఈ కొలతను ఎవరు కాపాడుచున్నారో చెప్పుటకు శ్రోతలను ఒక్కసారి మహానందికి తీసికొనిపోయెదము. నంద్యాలకు తూర్పున, నల్లమల పాదమున, గర్భాలయములో మహానందీశ్వరుని లింగము క్రింద పుట్టిన ఊట కోనేటిలోనికి వచ్చుచున్నది. అడుగున పడిన నాణెము సైతము కనబడునంత తేటనీరు. ఆ నీరు కోనేటిలో నిలిచిపోదు. వెలుపలి గుండములకు, అచ్చటినుండి కాలువల వెంబడి వరిమళ్ళకు, అరటితోటలకు పాఱును. ఊట యొక్కటే, మళ్ళు అనేకము. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పోవలెనన్నది ఊట నిర్ణయింపదు. మడవ కట్టువాడు, మడవ విప్పువాడు నిర్ణయించును. అట్టివానినే మన పల్లెలలో నీరుగంటి యందురు. నీరుగంటి విత్తనము చల్లడు, కోత కోయడు. అతని చేతిలో పార తప్ప వేరేమియు లేదు. ఐనను అతడు లేనినాడు పైమడి మురిగిపోవును, చివరిమడి ఎండిపోవును.

కణములో ఊటవంటిది డి.ఎన్.ఏ. అందలి జన్యువును ఒక చీటిపై నకలు దించుకొన్నట్లు ఏర్పడునది ఆర్.ఎన్.ఏ. ఆ చీటిని చదివి కణము మాంసకృత్తును తయారుచేయును. ఆ మాంసకృత్తులే ఎముకను కట్టును. ఇది అర్ధశతాబ్దికి పైగా పాఠ్యగ్రంథములు చెప్పుచు వచ్చిన క్రమము. మానవుని డి.ఎన్.ఏ.లో మాంసకృత్తులకు సంకేతము లిచ్చు జన్యువులు ఇంచుమించు 20,000. అవి ఆక్రమించు స్థలము మొత్తములో నూటికి రెండు పాళ్ళకంటె తక్కువ. మిగిలిన భాగమును వ్యర్థమని కొందఱు శాస్త్రజ్ఞులే పిలిచిరి. కాని ఆ భాగమునుండియు ఆర్.ఎన్.ఏ. చీటీలు వెలువడుచున్నవి. వానిని చదివి మాంసకృత్తు చేయుట కుదరదు. విత్తనము చల్లని, కోత కోయని నీరుగంట్లు ఇవియే.

వీనిలో మొదటిదానిని 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలు బయటపెట్టినవి. వారు పరీక్షించినది ఒక మిల్లీమీటరు పొడవు గల పురుగు. అందులో 22 అక్షరముల నిడివి గల చిన్న ఆర్.ఎన్.ఏ. మఱియొక జన్యువు పంపిన చీటికి అంటుకొని, మాంసకృత్తు తయారుకాకుండ అడ్డుపడుచుండెను. పురుగులోని వింతయే గదా అని లోకము ఏడేండ్లు ఊరకుండెను. 2000లో అట్టిదే మఱియొకటి కనబడి, అది మానవునిలోను కలదని తెలిసినపిమ్మట అందఱి దృష్టియు ఇటు మరలినది. 2024లో ఆ ఇరువురకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. మన హైదరాబాదునను ఈ విద్యలో కృషి జరిగినది. 1977లో ఆరంభమైన సి.సి.ఎం.బి.లో రేచెల్ జేసుదాసన్ బృందము, నిరర్థకమని తలపబడిన వై క్రోమోజోము భాగమునుండి వెలువడు ఒక ఆర్.ఎన్.ఏ. వేఱొక క్రోమోజోములోని జన్యువు చీటితో అతుకుకొనుచున్నదని 2007లో ప్రకటించినది.

ఎముక విషయమున ఈ నీరుగంట్లను మూడు తెగలుగా చెప్పుకొనవచ్చును.

మొదటి తెగ, ఇప్పుడు చెప్పిన సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లు. వీని పేర్లు అంకెలే. 204 అను అంకె గలది రంక్స్-2 చీటికి అంటుకొని దానిని అణచును. అది హెచ్చినచో మూలకణము ఎముకవైపు పోక క్రొవ్వువైపు మరలునని, దానిని తగ్గించినచో ఎముకవైపు మొగ్గునని 2010లో వెల్లడియైనది. 138 అను అంకె గలది మఱియొక కట్టడి. డెన్మార్కులోని పరిశోధకులు ఎముకమజ్జ మూలకణములను చుంచెలుకలలో నాటి, 2011లో తమ ఫలితములను ప్రకటించిరి. 138 హెచ్చుగానున్న కణములు కట్టిన ఎముక నూటికి 85 పాళ్ళు తగ్గిపోయినది. దానిని అడ్డగించిన కణములు కట్టిన ఎముక నూటికి 60 పాళ్ళు పెరిగినది. కణములు అవియే, ఎలుకలు అవియే. మాఱినది మడవ యొక్కటే.

రెండవ తెగ, వందల, వేల అక్షరముల నిడివి గల దీర్ఘ ఆర్.ఎన్.ఏ.లు. వీనిలో ఏ.ఎన్.సి.ఆర్. అనునది మూలకణమును మూలకణముగనే నిలిపియుంచుటకు పాటుపడును, వృత్తిలో చేరనీయదు. చైనా పరిశోధకులు దీనిని పంటిగుజ్జు, నారపొర, వేరుకొన అను మూడు చోటుల కణములలోను తగ్గించి చూచి, 2015, 2016 సంవత్సరములలో ఫలితములను ప్రకటించిరి. మూడింటను ఎముకధాతువు హెచ్చుగా పేరుకొన్నది. దీనినిబట్టి ఏ.ఎన్.సి.ఆర్. దుష్టమైనదని తలపరాదు. కణములన్నియు ఒక్కనాడే ఎముకలైనచో రేపటి గాయమును మాన్పుటకు మిగులునదేమి? విత్తనపు గింజలను దంచుకొని తినకుండ గాదెలో దాచు ఇల్లాలి పని అది చేయుచున్నది.

మూడవ తెగ చిత్రమైనది. ఇవి కొన లేని వలయాకారపు ఆర్.ఎన్.ఏ.లు. సి.డి.ఆర్.1-ఏ.ఎస్. అను వలయముపై ఏడవ అంకె గల సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. వచ్చి కూర్చుండుటకు 70కి పైగా తావులు కలవని 2013లో కనుగొనిరి. మడవ కట్టుటకు పోవుచున్న నీరుగంట్లను పెండ్లివిందుకు పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టినచో కాలువ దానంతట అది పాఱును గదా! ఈ వలయము చేయు పని అదియే. పంటి నారపొర కణములు ఎముకవైపు నడచునపుడు ఈ వలయము హెచ్చునని, దానిని తొలగించినచో ఆ నడక మందగించునని 2018లో ప్రకటితమైనది. అనగా అడ్డుపడువానికి అడ్డుపడువాడు కూడ కణములో కలడన్నమాట.

ఇంతవఱకు చెప్పినది ఆరోగ్యముగానున్న కణముల మాట. చిగుళ్ళవాపుతో బాధపడువారి మాట వేఱు. వారి పండ్ల నారపొరనుండి తీసిన మూలకణములు ఎముకను కట్టుటలో మందకొడిగా ఉన్నవి. కారణమేమని చైనాలోని సియాన్ నగర పరిశోధకులు విచారింపగా, వాపువలన 17వ అంకె గల సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. తగ్గిపోయినదని 2011లో తేలినది. అది తగ్గినందున దాని అదుపులో నుండవలసిన స్మర్ఫ్-1 అను మాంసకృత్తు చెలరేగి, ఎముకను కట్టు మాంసకృత్తులను నాశనము చేయుచున్నది. దీనినిబట్టి సామాన్యులమైన మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. చిగుళ్ళవాపు ఉన్న ఎముకను తినివేయుటతో ఊరకుండదు. పోయినదానిని తిరిగి కట్టవలసిన కూలివాని చేతులను సైతము కట్టివేయును. పళ్ళు తోమునపుడు చిగుళ్ళనుండి రక్తము వచ్చుటను అలక్ష్యము చేయరాదని దంతవైద్యులు చెప్పుట ఊరకకాదు.

మఱి ఈ జ్ఞానమువలన చికిత్స చేతికి వచ్చినదా? శ్రోతలు అడుగదగిన ప్రశ్నయే. ఆర్.ఎన్.ఏ.ను మందుగా వాడుట అసాధ్యము కాదు. చీటీలను అణచు చిన్న ఆర్.ఎన్.ఏ. మందు ఒకటి, వంశపారంపర్యపు నరముల జబ్బునకు, 2018లో అమెరికాలో మొదటిసారిగా అనుమతి పొందినది. అది కాలేయమున పనిచేయును. ఎముకలో ఒక నియమిత స్థలమునకు మందును చేర్చి, అచ్చటనే నిలుపుట ఇంకను కష్టసాధ్యముగనే యున్నది. మఱియొక చిక్కు కలదు. ఒక్క సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. వందలాది చీటీలపై అధికారము చెలాయించును. ఒక మడికని పంపిన నీరుగంటి ఊరి మళ్ళన్నింటికిని పోయి మడవలు తిప్పినచో ఏమగును? క్యాన్సరునకై ఒక సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.ను మనుష్యులకు ఇచ్చి చూచుచుండిన పరీక్షను తీవ్రమైన అనర్థములు కలుగుటచే 2016లో నిలిపివేసిరి.

పంటి మూలకణముల విషయములో ఆశ కలిగించు వార్తయు లేకపోలేదు. దెబ్బ తగిలి ముందుపంటి గుజ్జు చచ్చిపోయిన పిల్లలకు, వారి పాలపంటి మూలకణములనే పెంచి నాటగా, రక్తనాళములతోను, నరముతోను కూడిన గుజ్జు తిరిగి ఏర్పడినదని 2018లో సియాన్ వైద్యులు ప్రకటించిరి. అది గుజ్జు మాట. దవడయెముక మాట కాదు. అది పరిశోధన, ఊరి వైద్యశాలలో రేపు లభించు చికిత్స కాదు. మేము పైన చెప్పిన ఆర్.ఎన్.ఏ. ప్రయోగములు గాజుపాత్రలోని కణములపైనను, ఎలుకలపైనను జరిగినవి.

ఈ భేదమును గుర్తించుట అవసరము. ఏలయన, బిడ్డ పాలపంటిని భద్రపఱచినచో భవిష్యత్తులో సకల రోగములకు మందగునని చెప్పి, తల్లిదండ్రులనుండి ధనము గ్రహించు వ్యాపారము లోకములో బయలుదేరినది. భారత వైద్య పరిశోధన మండలియు, బయోటెక్నాలజీ శాఖయు 2017లో వెలువరించిన మార్గదర్శక సూత్రములలో బొడ్డుత్రాటి రక్తమును తప్ప, పంటినుండి తీసిన పదార్థము మొదలగువానిని వాణిజ్యముగ నిల్వచేయుటకు అనుమతి లేదని స్పష్టముగ చెప్పబడినది. మిద్దెమీదికి విసరిన పంటిని తలచుకొని, అయ్యో, బిడ్డ భాగ్యమును పాఱవేసితిమే అని ఏ తల్లియు దుఃఖింపనక్కఱలేదు. అట్టి కణములు ఆ బిడ్డ నోటిలోనే, రాబోవు పండ్ల గుజ్జులో, పండ్లను పట్టియుంచు నారపొరలో ఇంకను కలవు.

ఆ నారపొరను కాపాడుకొను ఉపాయము మాత్రము నేడే మన చేతిలో నున్నది. ఆటలో పడియో, బండిమీదనుండి జాఱియో పిల్లవానికి శాశ్వతదంతము వేరుతోసహా ఊడివచ్చినదనుకొనుడు. దానిని పైభాగమున పట్టుకొనవలెను; వేరును ముట్టరాదు, గోకరాదు, గుడ్డతో తుడువరాదు. ఆ వేరును అంటుకొనియున్నది మేము ఇంతసేపు చెప్పిన జీవకణములే. మట్టి యంటినచో పాలతో మెల్లగ కడిగి, వీలైనచో వెంటనే దాని తావుననే నిలుపవలెను. చేతకానిచో గిన్నెడు పాలలో వేసికొని దంతవైద్యుని యొద్దకు పరుగెత్తవలెను. వట్టినీటిలో ఉంచరాదు, కాగితములో చుట్టి ఎండబెట్టరాదు. అరగంట, గంట దాటిన కొలది ఆ కణములు మరణించుచుండును. ఊడినది పాలపన్ను అయినచో మరల పెట్టనక్కఱలేదు, పెట్టరాదు కూడ.

మహానంది కోనేటినీరు తరతరములుగా పాఱుచున్నది. ఆ నీటి వైభవమును అందఱును కీర్తింతురు. మడవకడ పార పట్టుకొని నిలిచినవానిని ఎవరును తలపరు. జీవశాస్త్రమును చిరకాలము అట్లే నడచినది. ఇప్పుడిప్పుడే ఆ నీరుగంటిని పేరుపెట్టి పిలుచుట నేర్చుకొనుచున్నది. అతనికి పని చెప్పగల విద్య ఇంకను రావలసియున్నది. అది వచ్చులోపల చిగుళ్ళను శుభ్రముగ ఉంచుకొనుట, ఊడిన శాశ్వతదంతమును గిన్నెడు పాలలో కాపాడుట మన వంతు. పాలపన్ను మాట అందురా, ఆవుపేడలో పొదిగి మిద్దెమీదికి నిశ్చింతగా విసరనిండు.